చాలని బెల్లం

మా అత్తయ్యగారు అచ్చాయమ్మగారు ఏదీ ముందుగా చెప్పి చెయ్యరు. బుధవారం పొద్దున్న పెసరట్టు తిరగేస్తూ, "హారతీ, శుక్రవారం అమ్మవారి గుళ్ళో నీ తులాభారం. బెల్లం తెప్పించేశాను" అన్నారు. నా చేతిలో గ్లాసు జారి సింకులో పడింది.

ఆ మొక్కు రెండేళ్ళ కిందటిది. అప్పట్లో నిద్రలో నా ఊపిరి ఆగి ఆగి వచ్చేది. ఒళ్ళు తగ్గకపోతే ఏదో ఒకరోజు ఆగిన ఊపిరి మళ్ళీ రాదని రాజమండ్రి డాక్టరుగారు తేల్చేశారు. పొట్ట కోసి చిన్నది చేశారు. నన్ను ఆపరేషన్ గదిలోకి తోసుకెళ్తుంటే, కోడలు క్షేమంగా బయటికొస్తే దాని ఎత్తు బెల్లం ఇస్తానని అత్తయ్యగారు మొక్కేసుకున్నారు. బయటికొచ్చాను. ఏడాదికి సగం మనిషినయ్యాను. "ఇంకాస్త తగ్గనీవే, నాలుగు బెల్లం దిమ్మలు కలిసొస్తాయి" అంటూ ఆవిడ మొక్కు వాయిదా వేస్తూ వచ్చారు.

తగ్గడం ఆగి, పెరగడం మొదలైంది. ఎందుకో నాకు తెలుసు. ఒక్క ముద్ద అన్నం ఎక్కువైనా చిన్న పొట్ట ఒప్పుకోదు, కక్కించేస్తుంది. పూతరేకు అలా కాదు, నాలిక మీదే కరిగి జారిపోతుంది. కాగితంలా ఉంటుంది, అదేం చేస్తుందిలే అనుకున్నాను. ఆత్రేయపురం నుంచి తెప్పించి బియ్యం డబ్బా వెనక దాచాను. కాలవ గట్టు మీద నడక మానేశాను. గుడ్లు, పప్పు చూస్తేనే విసుగు. బరువు చూసుకునే మిషన్ని మంచం కిందికి తోసేశాను. చూడకపోతే పెరగదనుకున్నాను కాబోలు, నా మొహం!

ఈమధ్య మధ్యాహ్నం కునుకు తీస్తే, ఎవరో గొంతు నొక్కినట్టు ఉలిక్కిపడి లేస్తున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. పైకి అంటే నిజమైపోతుందని భయం. శుక్రవారం దాకా కంటి మీద కునుకు లేదు.

గుళ్ళో తక్కెడకి ఒకవైపు పీట, ఇంకోవైపు పళ్ళెం. పోయినేడాది నా బరువు గుర్తుపెట్టుకుని అత్తయ్యగారు అంతకే బెల్లం తెప్పించారు. పీట మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాను. పూజారిగారు దిమ్మలు ఒక్కొక్కటే పేరుస్తుంటే గొలుసులు కిర్రుమన్నాయి. తర్వాత ఆ చప్పుడు ఆగిపోయింది. కళ్ళు తెరిచాను. బెల్లం బుట్ట ఖాళీ. నా పీట నేలనే ఉంది.

పక్కింటి వీరవేణి పిన్ని కిసుక్కున నవ్వింది. "ఏంటండోయ్, బెల్లం కరిగిపోయిందా, హారతి ఊరిపోయిందా?"

సిగ్గు కాదు, నాకు ఒణుకొచ్చింది. ఆ చాలని బెల్లమంత మేరా పాత జబ్బు నా ఒంట్లోకి తిరిగొచ్చేసింది. అత్తయ్యగారు తిడతారని అటు చూశాను. ఆవిడ అమ్మవారి ముందు చెంపలు వాయించుకుంటున్నారు.

"తప్పైపోయింది తల్లీ! కక్కుర్తిపడి మొక్కు ఆపాను. నా మీద కోపం పిల్ల మీద తీర్చుకోకు. పోయిన వారం నిద్రలో దాని ఊపిరి ఆగిపోయింది, నా కళ్ళారా చూశాను. కావాలంటే నన్ను తీసుకుపో!"

అంటే అది నా భ్రమ కాదు. నిజంగానే ఆగుతోంది. పీట దిగి ఆవిడ చేతులు పట్టుకున్నాను.

"అమ్మవారి కోపం కాదత్తయ్యగారూ. పూతరేకులండి."

"ఏంటీ?"

"బియ్యం డబ్బా వెనక దాచుకుని తింటున్నానండి. నడక కూడా మానేశాను."

ఆవిడ చెయ్యి పైకి లేచింది. కొట్టలేదు. "దొంగ మొహమా! నువ్వు పడుకుంటే నీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటున్నానే!" అని నా భుజం మీద పడి భోరుమన్నారు. నేనూ ఆపుకోలేకపోయాను.

పూజారిగారు మెల్లగా, "మిగతా బెల్లం తెప్పించమంటారా అమ్మా?" అన్నారు.

"వద్దండి. ఈ బెల్లానికి సరిపడా తగ్గి నేనే వస్తాను. రేపే డాక్టరుగారికి చూపించుకుంటాను. అప్పటిదాకా ఆగమనండి అమ్మవారిని."

ఆటో వద్దన్నాను. కాలవ గట్టు మీద నడిచి వస్తుంటే కాస్త దూరానికే ఆయాసమొచ్చి, తుమ్మచెట్టు పట్టుకుని నిలబడిపోయాను. లోపల భయం అలాగే ఉంది. వెనక అత్తయ్యగారి చెప్పుల చప్పుడు కూడా ఆగింది.

"హారతీ, ఉన్నావా?"

"ఉన్నానండి" అని మళ్ళీ నడిచాను.