సున్నాల గొలుసు

"రోజంతా కుర్చీలో కూర్చుని వినడమేగా, నీకివాళ సెలవు దొరికినట్టే," అన్నాడు ఆయన, ఇస్త్రీ చొక్కా కోసం చెయ్యి చాపుతూ.

ఆమె చొక్కా అందించింది. అప్పటికే రెండు బాక్సులు కట్టింది, అత్తగారి మాత్రలు పూటవారీగా డబ్బీలో సర్దింది, సాయంత్రం ఆరింటికి ఆయన ఆఫీసువాళ్ళు నలుగురు టీకి వస్తున్నారని మంచి కప్పులు దించి కడిగి బోర్లించింది. సెలవు రోజే ఇంత పనుంటే పనిరోజున ఎంతుంటుందో ఆయన్ని అడగాలనిపించింది గానీ, అడిగి జవాబు వినేలోపు బస్సు వెళ్ళిపోతుంది.

"ఇంతకీ దేని గురించట ఆ శిక్షణ?"

"కడుపుతో ఉన్నవాళ్ళూ, కొత్తగా కన్నవాళ్ళూ దిగుల్లో పడితే ఎలా గుర్తుపట్టాలో, ఎలా సాయం చెయ్యాలో చెప్తారట."

ఆయన పకపకా నవ్వాడు. "నీకా నేర్పేది? అమ్మాయి పుట్టినప్పుడు డబ్బాపాలు ఎన్ని చెంచాలు, నీళ్ళు ఎన్ని, ఏ గంటకి ఎంత పట్టాలి, ఏ గౌను ఏ అరలో ఉంది, అంతా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి బీరువా తలుపుకి అంటించిన మనిషివి! నీ పద్ధతి గురించి ఇప్పటికీ ఆఫీసులో చెప్తుంటాను."

"మా రోజుల్లో దిగుళ్ళెక్కడివి," అంది అత్తగారు మంచం మీద నుంచి. "దిగులు పడ్డానికి తీరికుంటేగా."

ఆ కాగితం మాట వచ్చినప్పుడల్లా ఆమె ఏదో ఒక పని కల్పించుకుని పక్కకి తప్పుకుంటుంది. ఇరవై రెండేళ్ళుగా తప్పుకుంటూనే ఉంది. ఇవాళ చెప్పులు వేసుకుని గుమ్మం దిగింది.

ఆస్పత్రిలో ఆమెని అందరూ పెద్ద సిస్టర్ అంటారు. ఇంట్లో 'ఇదిగో' అంటారు. తల్లీబిడ్డల విభాగంలో పాతికేళ్ళ సర్వీసు. ఏడుస్తున్న పసివాడు ఆకలికి ఏడుస్తున్నాడో కడుపునొప్పికి ఏడుస్తున్నాడో వరండా అవతలి నుంచే చెప్పెయ్యగలదు. అందుకే పై అంతస్తు హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేసి, తన కూతురికన్నా నాలుగేళ్ళు పెద్దదేమో అనిపించే ఒక మానసిక వైద్యురాలిని ముందు నిలబెట్టి, "ఈవిడ మీకు నేర్పుతారు" అన్నప్పుడు పెద్ద సిస్టర్ వెనకవరసలో కూర్చుని, వస్తున్న కునుకుని కాస్త ఆపుకుంది. పక్కనే కూర్చున్న సిస్టర్ చెవిలో, "టీ ఎప్పుడిస్తారో" అంది.

డాక్టరమ్మ ఉపన్యాసం మొదలుపెట్టలేదు. తెర మీద ఒక ఫారం చూపించింది. అది వాళ్ళందరికీ తెలిసిన ఫారమే. టీకాల కోసం బిడ్డని తెచ్చిన ప్రతి తల్లినీ పది ప్రశ్నలు అడిగి, ఒక్కో జవాబుకి సున్నా నుంచి మూడు దాకా అంకె వెయ్యాలి. నవ్వు వస్తోందా, నిద్ర పడుతోందా, ఊరికే భయం వేస్తోందా, అలా సాగి పదో ప్రశ్న దగ్గర ఆగుతుంది: ప్రాణం తీసుకోవాలనిపించిందా? తెర మీది ఫారంలో పది గళ్ళలోనూ సున్నాలే. పై గడి నుంచి కింది గడి దాకా, కలం ఎత్తకుండా, ఒకదానికొకటి తగులుకుని వేలాడుతున్న సున్నాలు.

హాల్లో కిసుక్కున నవ్వులు వినిపించాయి. దాన్ని వాళ్ళు గొలుసు అంటారు. టీకాల రోజున నలభై మంది తల్లులు, నలభై మంది పిల్లలు, రెండు తూకాలు, ఒకే ఒక్క సిస్టర్. పది ప్రశ్నలు అడిగితే తెల్లారిపోతుంది. "అంతా బాగానే ఉంది కదమ్మా?" అంటే పక్కనున్న అత్తగారో ఆడపడుచో "బాగానే ఉంది" అంటారు, చేతిలో కలం సర్రున జారుతుంది. "గొలుసు వేసేశావా?" "వేసేశా." కొత్తగా చేరిన పిల్లలకి గొలుసు వెయ్యడం నేర్పింది పెద్ద సిస్టరే. ఫారాలు వందకి వంద నిండుతున్నాయని ఈ విభాగానికి మెచ్చుకోలు ఉత్తరం కూడా వచ్చింది. దానికి పటం కట్టించారు.

"ఇది ఎవరు రాశారో నాకు అక్కర్లేదు," అంది డాక్టరమ్మ. "తల్లి ఎవరో కూడా అడగను. కానీ పది ప్రశ్నలకీ ఒకే గీతలో జవాబు చెప్పే మనిషి నాకింతవరకూ కనబడలేదు."

గీత తనదేనని పెద్ద సిస్టర్‌కి తెలుసు. తన సున్నాకి కుడివైపు చిన్న తోక ఉంటుంది. ఒళ్ళు మండింది. అడగడానికి మనిషినివ్వరు, గదినివ్వరు, గోడకి మాత్రం పటం కడతారు, ఇప్పుడీ పిల్ల వచ్చి తెర మీద పరువు తీస్తుందా అనుకుంది. ఆ కోపం న్యాయమైనదే, అందుకే దాన్ని కాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది.

డాక్టరమ్మ రెండే సంగతులు నేర్పింది ఆ పూట. పదో ప్రశ్న అడిగేటప్పుడు తల్లి పక్కన ఎవరూ ఉండకూడదు. అడిగాక నోరు మూసుకుని మనసులో పది దాకా అంకెలు లెక్కపెట్టుకోవాలి, మధ్యలో మాట అందివ్వకూడదు. ఇద్దరిద్దరిని జతచేసి అడిగించి చూసింది. ఒక్కరు కూడా నాలుగు దాటి ఆగలేకపోయారు.

"ఇంకో మాట," అంది భోజనాల ముందు. "వీళ్ళంతా ఏడుస్తూ రారు. కొంతమంది పొందిగ్గా వస్తారు. తాము లేని ఇంట్లో బిడ్డకి లోటు రాకుండా ఏర్పాట్లు చేసుకుంటూ ఉంటారు. బట్టలు సర్దుతారు. ఇంకొకరి చేతి నుంచి పాలు తాగడం బిడ్డకి అలవాటు చేస్తారు. చూసేవాళ్ళు, అబ్బ ఎంత ఓపికో అని మెచ్చుకుంటారు."

పెద్ద సిస్టర్ చేతిలో కలం ఆగిపోయింది.

నిన్న టీకాల వరసలో ఇరవయ్యో మనిషో ఇరవై ఒకటో మనిషో, ఒక కళ్ళజోడు అమ్మాయి. నెలన్నర బాబు. పక్కన అత్తగారు. తూకం మీద బాబుని పడుకోబెడుతూ ఆ అమ్మాయి మెల్లిగా అడిగింది: "సిస్టర్, వీడికి డబ్బాపాలు అలవాటవడానికి ఎన్ని రోజులు పడుతుంది?" తల్లిపాలకి సంబంధించిన ప్రశ్న అంటే పెద్ద సిస్టర్‌కి పూనకమే. పాలు పుష్కలంగా ఉండగా డబ్బా మాటెందుకమ్మా, తల్లిపాలకి మించినదేముంది, అని అయిదు నిమిషాలు గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అత్తగారు "అలా గట్టిగా చెప్పండి సిస్టర్" అని సంబరపడింది. కళ్ళజోడు అమ్మాయి "సరే సిస్టర్" అంది. పెద్ద సిస్టర్ గొలుసు వేసేసింది.

అలాంటి ప్రశ్న అడిగే మనిషి లోపల ఏముంటుందో హాల్లో అందరికన్నా తనకే బాగా తెలుసు. ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన మనిషి కదా. అప్పుడు ఎనిమిది వారాల పాప. నిద్ర లేదు, పడుకునే వీలున్నా రాదు. ఏడిస్తే అత్తగారు "లోకంలో నువ్వొక్కదానివే కన్నావా" అంది. ఆయన "నర్సువి, నీకు తెలియనిదేముంది" అన్నాడు. అవును, తెలియనిదేముంది అనుకుని చెంచాలూ నీళ్ళూ గౌన్లూ అన్నీ రాసి బీరువాకి అంటించి, పాపని పక్కింట్లో ఇవ్వడానికని చెప్పులు కూడా వేసుకుంది. సరిగ్గా అప్పుడు కింద వాటా ముసలావిడ గొడుగు అడగడానికి పైకొచ్చి, కుర్చీలో చతికిలబడి, రెండు గంటలసేపు తన మోకాళ్ళనొప్పి గురించి చెప్పింది. ఆ మోకాళ్ళకి తను ఎంత రుణపడి ఉందో ఎవరికీ చెప్పలేదు.

ఆమె లేచి బయటికొచ్చి రికార్డుల గదికి పరిగెత్తింది. ఆ అమ్మాయి ఫారంలో చిరునామాతో పాటు ఫోన్ నంబరు ఉంది, అది భర్తది. ఎప్పుడూ భర్తదే రాస్తారు.

"మీటింగులో ఉన్నానండీ," అన్నాడతను. "ఆవిడకేం, బ్రహ్మాండంగా ఉంది. మొన్నటిదాకా కాస్త డల్‌గా ఉండేది గానీ రెండు రోజుల్నించీ మహా హుషారు. ఇల్లంతా సర్దేసింది. ఏదైనా ఉంటే మా అమ్మతో మాట్లాడండి."

పెద్ద సిస్టర్ మళ్ళీ హాలుకి పరిగెత్తింది. డాక్టరమ్మ దగ్గరికెళ్ళి నాలుగు ముక్కల్లో చెప్పింది, ఆ గొలుసు తనదేనన్న ముక్కతో సహా. డాక్టరమ్మ తిట్టలేదు. "వెళ్ళండి. నేను ఫోన్ దగ్గరే ఉంటాను. కనబడ్డాక ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకండి," అంది.

ఆటోలో ఉండగా ఆయన ఫోను. "పంచదార ఉందా, తేవాలా?" ఆమె కట్ చేసింది. పెళ్ళయ్యాక ఆయన ఫోన్ కట్ చెయ్యడం అదే మొదటిసారి.

మూడో అంతస్తు. తలుపు తీసింది ఆ అమ్మాయి అత్తగారు. "నిన్ననేగా వచ్చాం? పడుకున్నట్టుంది, తలుపేసుకుంది."

"బాబు బరువు రాయడంలో పొరపాటు జరిగింది అమ్మగారూ. పొరపాటు నాది. మీరు బాబుకి బట్టలు విప్పి ఉంచండి, ఈలోపు లోపల అమ్మాయికి బీపీ చూస్తాను."

తలుపు తట్టింది. తియ్యలేదు. మళ్ళీ తట్టింది. "నేనమ్మా, పెద్ద సిస్టర్‌ని. నిన్న నువ్వడిగినదానికి తప్పు జవాబు చెప్పాను. సరైనది చెప్దామని వచ్చాను."

చాలాసేపటికి గడియ కదిలింది.

గది అద్దంలా ఉంది. మంచం మీద పసివాడి బట్టలు వరసగా కట్టలు కట్టి ఉన్నాయి. ఒక్కో కట్ట మీద ఒక్కో చీటీ. మూడో నెల. ఆరో నెల. ఏడాదికి. అక్షరాలు గుండ్రంగా, పద్ధతిగా ఉన్నాయి. పెద్ద సిస్టర్ తలుపు దగ్గరగా వేసి, ఆ అమ్మాయి పక్కన మంచం అంచున కూర్చుంది.

"ప్రాణం తీసుకోవాలనిపిస్తోందా అమ్మా?"

ఒకటి. రెండు. మూడు. హాల్లో బాబు కేరుమన్నాడు, నాయనమ్మ జోకొట్టింది. నాలుగు. అయ్యో అలాంటిదేం లేదులే అన్న మాట పెద్ద సిస్టర్ నాలుక చివరిదాకా వచ్చింది, పళ్ళు బిగబట్టింది. అయిదు. ఆరు. ఏడు.

"వీడు డబ్బా పట్టడం నేర్చుకునేదాకా ఆగుదామనుకున్నాను," అంది ఆ అమ్మాయి కళ్ళజోడు తీసి ఒడిలో పెట్టుకుంటూ. "ఇవాళ పొద్దున మొత్తం తాగేశాడు సిస్టర్. ఒక్క చుక్క మిగల్చలేదు."

పెద్ద సిస్టర్ ఆమె చెయ్యి పట్టుకుంది. "నిన్నే చెప్పావు నువ్వు. నేనే వినలేదు. ఇవాళ విన్నాను. ఇది జబ్బమ్మా, నీ తప్పు కాదు, మందుంది, తగ్గుతుంది. తగ్గేదాకా నిన్నొక్కదాన్నీ వదలం." ఆ అమ్మాయి ఏడవలేదు. కానీ పట్టుకున్న చేతిని వెనక్కి తీసుకోనూ లేదు.

ఆ చెయ్యి వదలకుండానే హాల్లోకి తీసుకొచ్చి సంగతి చెబితే అత్తగారు మొదట మండిపడింది. "పిచ్చి డాక్టరు దగ్గరికా? మా ఇంట్లో అలాంటివి లేవు! లోకంలో ఇదొక్కతే కన్నదా?"

ఆ మాటకి పెద్ద సిస్టర్ వెన్ను నిటారుగా అయింది. "అమ్మగారూ, ఈ అమ్మాయికి నూట నాలుగు జ్వరముంటే ఏం చేసేవారు?"

"ఆస్పత్రికి తీసుకెళ్ళేదాన్ని."

"అదే చేద్దాం. ఇది అంతకన్నా ఎక్కువ."

పెద్దావిడ తెరిచి ఉన్న తలుపులోంచి మంచం మీది కట్టలకేసి చూసింది. దగ్గరికెళ్ళి చీటీలు చదివింది. బాబుని భుజానేసుకుని, "నా చెప్పులేవీ" అని వెతుక్కుంది.

ఆస్పత్రిలో చేర్పించి, భర్త వచ్చేదాకా ఉండి, పక్కన ఎవరు ఏ పూట కూర్చోవాలో డాక్టరమ్మ రాయించి పంపేసరికి ఏడున్నరయింది. ఇంటికొచ్చేసరికి ఆయన ఆఫీసువాళ్ళు వెళ్ళిపోయారు. సింకు నిండా కప్పులు. ఫోన్లో పదకొండు మిస్డ్ కాల్స్.

"నా పరువు గంగలో కలిపావు," అన్నాడు ఆయన. "మేనేజర్ని కూర్చోబెట్టి వంటింట్లో పంచదార కోసం దేవులాడాను. ఏ డబ్బాలో ఏముందో ఒక కాగితం మీద రాసి పెట్టొచ్చుగా? ఒకప్పుడు ఎంత చక్కగా రాసి అంటించావు! ఆ పద్ధతంతా ఏమైపోయింది నీకు?"

ఆమె అలవాటుగా సింకు వైపు రెండడుగులు వేసింది. ఆగింది. వెనక్కి తిరిగింది.

"ఆ కాగితం దేనికి రాశాననుకున్నారు?"

"దేనికేమిటి? నువ్వు లేనప్పుడు మాకు..."

ఆయన మాట సగంలో ఆగిపోయింది. ఆ రోజుల్లో ఆమె సెలవులో ఉంది. పాపతో నాలుగు గోడల మధ్యే ఉంది. ఆమె లేకపోవడానికి వెళ్ళాల్సిన చోటేదీ లేదు.

అత్తగారి మంచం కిర్రుమంది. ఆయన బీరువా తలుపు వైపు చూశాడు. ఆమె మాట అందివ్వలేదు. ఇన్నేళ్ళూ ఆయన సగంలో వదిలేసిన మాటలన్నీ తనే పూర్తి చేసింది. ఈ ఒక్కటీ చెయ్యదల్చుకోలేదు. కుర్చీ లాక్కుని, ఆయనకి ఎదురుగా కూర్చుని, మనసులో ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.