ప్రేమ విందుకు వంట

చర్చిలో ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డకు గంజి పెట్టి ఇస్త్రీ చేయడం పెళ్ళితోపాటు నాకు వచ్చిన పని. అంతకు ముందు మా అత్తగారు చేసేది. రొట్టె పళ్ళెం కింద ఒక్క ముడత కనపడకూడదు. సంఘంలో పెద్దరికం మా ఆయనది, గుడ్డ నాది. ఆ శనివారం మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చి, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేసి, గుడ్డ మీద నీళ్ళు చిలకరిస్తుంటే మా ఆయన జాన్‌బాబు వాలుకుర్చీలో పేపరు తిరగేస్తూ అడిగాడు.

"రేపు మార్త వంటకి వస్తోందిగా?"

"వస్తానంది."

"వంటయ్యాక దాని పక్కన చేరి కబుర్లు పెట్టుకోమాక. పదిమందీ చూస్తారు. సొంత పెళ్ళాన్ని దిద్దుకోలేనివాడు సంఘాన్నేం దిద్దుతాడంటారు. వచ్చే నెల్లో పెద్దల ఎన్నిక కూడా ఉంది."

ఆయన గొంతు పెంచడు. అది ఆయన మంచితనమని అందరూ అంటారు. పేపరు చదువుతూనే, పప్పులో ఉప్పు తగ్గిందని చెప్పినట్టే, నా స్నేహం సంగతి కూడా చెప్పి ముగిస్తాడు. నేను "ఊఁ" అన్నాను. పన్నెండేళ్ళ కాపురంలో నేను అన్న మాటలన్నీ పోగేస్తే సగం ఆ "ఊఁ"లే ఉంటాయి.

మార్తా నేనూ మిషన్ బోర్డింగులో ఒకే చాప మీద పడుకుని చదువుకున్నాం. నేను టీచరు ట్రైనింగుకి వెళ్ళాను. తనకి పెళ్ళి చేశారు. మొగుడు మేస్త్రీ. ఇప్పుడు ఇబ్రహీంపట్నంలో కొత్తగా కడుతున్న కరెంటు ఫ్యాక్టరీ దగ్గర పని. తాగి వచ్చిన రోజున కొట్టేవాడు. ఒక దెబ్బకి తన ఎడమ చెవి పోయింది. అప్పట్నించీ ఎక్కడ కూర్చున్నా నేను తన కుడి పక్కన కూర్చుంటాను. నిరుడు క్రిస్మస్ ముందు మార్త ట్రంకుపెట్టె పట్టుకుని వచ్చేసింది. పటమటలో ఒక గది అద్దెకు తీసుకుని జాకెట్లు కుట్టుకుంటూ బతుకుతోంది. ఆ మొగుడు చలవచొక్కా వేసుకుని సంఘ పెద్దల దగ్గరికి వచ్చి ఏడ్చాడు. ఆడది ఏడిస్తే నాటకమనుకునే పెద్దలు వాడి కళ్ళనీళ్ళు చూసి కరిగిపోయారు. మొగుడి దగ్గరికి తిరిగి వెళ్ళేదాకా మార్తకి బల్ల లేదని తీర్మానించారు. అంటే రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే వేళకి తను లేచి చిన్నపిల్లలతోపాటు బయటికి వెళ్ళిపోవాలి. సంఘం విందులో అందరితో పంక్తిలో కూర్చోకూడదు. ఆ తీర్మానానికి చెయ్యెత్తిన వాళ్ళలో మా ఆయన ఒకడు.

"దాని చెవి సంగతి ఎవరైనా అడిగారా?" అన్నాను ఆ రోజు.

"మొగుడూ పెళ్ళాల మధ్య సంగతి మేమెందుకు అడుగుతాం?" అన్నాడు.

ఆ శనివారానికి రెండురోజుల ముందు, గురువారం, స్త్రీల కూటంలో వాక్యం చెప్పే వంతు నాదయింది. స్నేహితులను ప్రేమించడం గురించి చెప్పమన్నారు. నాకు చెప్పాలనిపించింది ఒక్కటే. నా మొదటి కాన్పులో బిడ్డ పుట్టి కళ్ళు తెరవకుండానే పోయింది. మా అత్తగారు ఊళ్ళో నాట్లున్నాయని వెళ్ళిపోయింది. మా ఆయన గుంటూరులో మహాసభలకి వెళ్ళాడు, ముందే ఒప్పుకున్నాడట. మార్త వచ్చింది. మొగుడితో తిట్లు తినే వచ్చి ఉంటుంది, ఆ మాట నాతో అనలేదు. నా నెత్తుటి గుడ్డలు పంపు దగ్గర కూర్చుని ఉతికింది. పాలొచ్చి సలుపుతున్న రొమ్ములకు గుడ్డ చుట్టి బిగించి కట్టింది. చూడవచ్చిన వాళ్ళంతా తలా ఒక వాక్యం చెప్పి ఓదార్చి వెళ్ళారు. మార్త ఒక్కటీ చెప్పలేదు. పప్పుచారు అన్నం కలిపి ముద్దలు చేసి, నేను నోరు తెరిచేదాకా ఎదురుగా కూర్చుంది. స్నేహితురాలి ప్రేమ అంటే నాకు తెలిసిందదే. మా ఆయనతో అంటే మొహం చిట్లించాడు. "ఆ ఆడాళ్ళ గొడవలన్నీ కూటంలో ఎందుకు? బైబిల్లో మగవాళ్ళ స్నేహాలు ఎంత గొప్పవి ఉన్నాయి, అవి చెప్పు," అన్నాడు. అవే చెప్పాను. అందరూ బాగుందన్నారు. పాస్టరుగారి భార్య ఎలిజబెత్‌గారు నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళింది.

"ఎంత బాగా చెప్పావమ్మా జీవరత్నం. ఆదివారం కోతపండుగ కదా, ప్రేమ విందుకి అంత వంట ఎవరివల్లా కావట్లేదు. వేటమాంసం వండితే మార్తే వండాలి. నువ్వు పిలిస్తే కాదనదు."

"పంక్తిలో కూర్చోవచ్చాండీ మరి?"

"అదెలా కుదురుతుంది? పెద్దలు ఒప్పుకోవద్దూ? ఒక గిన్నెలో తీసి పెడదాంలే. ఇంటికి పట్టుకెళుతుంది."

ఆ సాయంత్రమే పటమట వెళ్ళాను. మార్త మిషను ఆపకుండా నా మాటంతా విని, దారం కొరికి, అప్పుడు తలెత్తింది.

"వంటకి పిలుస్తున్నారా, తిండికి పిలుస్తున్నారా?"

నేను కింద పడ్డ గుడ్డముక్కలు ఏరసాగాను.

"పోనీలేవే," అని నవ్వింది. "యేసుప్రభువు ఇంటికొస్తే పొయ్యి దగ్గర చచ్చిన ఆడమనిషి పేరు పెట్టాడు మా నాన్న. ఆ రోజే రాసిపెట్టేశాడు. వస్తాలే. నీ మాట పోకూడదు."

"రాకు," అనాలని నోటిదాకా వచ్చింది. తను రానంటే సంఘంలో నన్ను ఏమంటారో కూడా తెలుసు. ఆ రెండో సంగతే మొదటిదాన్ని మింగేసింది. బస్సులో ఇంటికి వస్తుంటే కూటంలో నేను చెప్పిన ప్రసంగం ముక్కముక్కగా గుర్తొచ్చి నా మీద నాకే రోత పుట్టింది.

ఆదివారం తెల్లవారేసరికి చర్చి వెనక గాడిపొయ్యి రాజేశాం. ఉల్లిపాయలు, అల్లం, పొగ. ప్రేమ అనే మాట వింటే నాకు ఎప్పుడూ ఈ వాసనే వస్తుంది. ఏటా ప్రేమ విందు ఆడవాళ్ళు వండుతారు, పాస్టరుగారు ఆశీర్వదిస్తారు, మగవాళ్ళు మొదటి పంక్తి తింటారు, పిల్లలు రెండో పంక్తి. మా వంతు వచ్చేసరికి కూరలో ముక్క ఉండదు. మార్త చీర ఎగదోపి, తన ఎత్తున్న తెడ్డు పట్టుకుని కూర తిప్పుతోంది. "ఒసే టీచరమ్మా, అలా చూస్తే ఉడకదు, పుల్ల ఎగదొయ్యి," అంది. ఆడవాళ్ళంతా నవ్వారు. తన చేత్తో ఉప్పు సరిచూడమని అడుగుతున్నారు, తను చూసి చెబితే సరే అంటున్నారు. అంతమందిలో ఒక్కరికీ వింతగా లేదు.

గంట కొట్టారు. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాం. మార్త ఎప్పట్లాగే గుమ్మం దగ్గర చాప చివర కూర్చుంది. నేను పెద్దల భార్యలు కూర్చునే ముందు వరసలో, ఎలిజబెత్‌గారి పక్కన. ఎదురుగా బల్ల, దాని మీద నా గుడ్డ. ముడత లేదు. ప్రసంగం అయింది. పాస్టరుగారు మామూలుగానే, "పిల్లలు, బల్లలో పాలు లేనివారు నిశ్శబ్దంగా బయటికి వెళ్ళవచ్చు," అన్నారు.

వెనక పిల్లలు లేస్తున్న అలికిడి. తిరిగి చూశాను. మార్త ముసుగు సర్దుకుని, చెయ్యి నేలకానించి లేస్తోంది. పొయ్యి సెగకి మొహం ఇంకా ఎర్రగానే ఉంది. తన చేతికి అంటిన మసాలా వాసనే నా చేతికీ ఉంది. మా ఆయన రొట్టె పళ్ళెం అందుకుంటున్నాడు. ఆ పళ్ళెంలోంచి తీసుకున్న ముక్క నా గొంతు దిగదని అప్పుడు తెలిసింది. లేచాను.

ఎలిజబెత్‌గారు నా కొంగు పట్టుకుని లాగింది. "నిన్ను కాదమ్మా, కూర్చో."

"తెలుసండీ," అన్నాను.

గుమ్మందాకా ఎంత దూరమో అనిపించింది. పాట ఎత్తుకోవాల్సినవాళ్ళు ఎత్తుకోలేదు. మా ఆయన వైపు నేను చూడలేదు గాని, వీపు మీద ఆయన చూపు తెలుస్తూనే ఉంది.

మార్త గాడిపొయ్యి దగ్గర నిప్పులు వెనక్కి లాగుతోంది. నన్ను చూసి తెడ్డు కింద పెట్టేసింది.

"నీకేమైనా మతి పోయిందా? లోపలికి పో. జాన్‌బాబుగారి పరువేం కాను? రేపు నిన్ను కూడా నిలబెట్టి అడుగుతారే."

"అడిగితే నీ చెవి సంగతి చెబుతాను. వాళ్ళు ఎటూ అడగలేదు."

రెండు విస్తరాకులు తీసుకుని నీళ్ళు చల్లాను. అన్నం గుండిగ మీద మూత తీశాను. పైన పొర కూడా చెదరలేదు. ఇన్నేళ్ళలో తినబోతూ చెదరని అన్నం నేను చూడటం అదే మొదటిసారి.

"ప్రార్థన కాలేదే," అంది మార్త, చిన్నపిల్లలా.

"చేసుకుందాం, కూర్చో."

తన కుడి పక్కన కూర్చున్నాను. ఇద్దరం కళ్ళు మూసుకున్నాం. కూర వేసి అన్నం కలిపి ముద్ద చేసి తన నోటి దగ్గర పెట్టాను. తను నా మొహంలోకి చూసింది. తర్వాత నోరు తెరిచింది. నములుతుంటే కళ్ళనీళ్ళు గడ్డం దాకా కారాయి. ఆడుకుంటున్న పిల్లలు ఆట ఆపి మమ్మల్ని చూస్తున్నారు.

లోపల ఆఖరి పాట కూడా అయిపోయింది. మా ఆయన వెనక గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన వెనక ఇంకా ఎవరెవరో ఉన్నారు. అప్పుడు కూడా గొంతు పెంచలేదు.

"జీవరత్నం, ఇలా రా. బల్ల మీద గుడ్డ తియ్యాలి."

లేవబోయిన మార్త మోకాలి మీద ఎడమచెయ్యి వేసి ఆపాను. కుడిచేత్తో మరో ముద్ద కలుపుతూ, ఆయనకి వినపడేలా చెప్పాను.

"ఆ గుడ్డ మీరు మడత పెట్టండి. మేం ప్రేమ విందులో ఉన్నాం."