సముద్రంలో వేసిన రాయి

1962 జనవరి నడుమ, అష్టగ్రహ కూటమి భయం ఊరూరా పాకుతున్న రోజుల్లో, మైపాడు పక్కన మాలకొండమ్మ వరిచేలో ఆకాశం నుంచి ఒక రాయి పడింది. పట్టపగలు, పిడుగు లాంటి చప్పుడుతో పడింది. ఆమె భర్త హజరత్తయ్య దాన్ని బురదలోంచి పెకలించి గట్టుమీద పెట్టాడు. ఆ రెండు మూడు రోజుల్లోనే అతనికి జ్వరం తగులుకుంది.

ఫిబ్రవరిలో ఎనిమిది గ్రహాలు ఒకచోట చేరితే ప్రళయమేనని అప్పటికే చెప్పుకుంటున్నారు. అది శని విసిరిన రాయేనని ఊరు తేల్చేసింది. కూలీలు ఆ చేలో అడుగు పెట్టలేదు. పండిన గింజ నేల రాలుతోంది. జ్వరం తగ్గలేదు.

కావలిలో ఒక కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే ప్రేమలీలకు సంగతి ఆలస్యంగా తెలిసింది. తల్లి వద్దంటున్నా సరిగ్గా కూటమి రోజునే బస్సెక్కింది. అలాంటి రాయిని ఆమె పుస్తకంలో బొమ్మగానే చూసింది.

రాయి కొబ్బరిబోండాం కంటే కాస్త పెద్దది. పైనంతా కాలిన నలుపు. ఒక మూల పెచ్చు లేచి లోపలి బూడిదరంగు కనబడుతోంది. అందులో ఆవగింజల్లాంటి గుండ్రటి పూసలు. ప్రేమలీల చెయ్యి చాచింది.

"ముట్టుకోబాకమ్మా!" వెనకనుంచి మాలకొండమ్మ కేక వేసింది. "ముట్టుకున్నందుకే మా ఆయన అట్టా పడిపోయినాడు."

ప్రేమలీల ఇంట్లోకి వెళ్ళి చూసింది. హజరత్తయ్య చాపమీద ఏదో గొణుగుతున్నాడు. పెదాలు పగిలిపోయాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని పెళ్ళాన్ని గుర్తు పట్టడం లేదు.

"ఆసుపత్రికి తీసుకెళ్ళలేదా?"

"కూటమి దాటేదాకా ఊరు దాటించబాకని పద్మనాభయ్య మామ చెప్పినాడు."

"అప్పటిదాకా మనిషి దక్కాలి గదా! బండి కట్టమ్మా."

సాయానికి ఎవరూ రాలేదు. మాలకొండమ్మే ఎద్దుల్ని కట్టింది. ఇద్దరూ కలిసి అతన్ని మోసుకొచ్చి బండిలో గడ్డిమీద పడుకోబెట్టారు. ప్రేమలీల రాయిని గోనెసంచిలో చుట్టి అతని కాళ్ళ దగ్గర పెట్టింది.

ఊరి చివర హోమం పందిరి దగ్గర జనం ఎద్దులకు అడ్డం నిలబడ్డారు. ముందు పద్మనాభయ్య. నిద్ర లేక ఆ పెద్దాయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"యాడికి మాలకొండా?"

"ఆసుపత్రికి మామా. దోవ ఇడవండి."

"ఆ సంచిలో ఏందది? రాయేనా? అది ఊళ్ళంట తిరిగేదానికి లేదు. సముద్రంలో కలిపేదాకా బండి కదలదు."

ప్రేమలీల బండి దిగింది.

"పెద్దాయనా, ఇది శని విసిరింది కాదు. ఈ భూమి పుట్టకముందు, సూర్యుడు పసివాడుగా ఉన్నప్పుడు, ఆయన చుట్టూ వాయువూ ధూళీ కలిసి తిరగలి బిళ్ళలాగా చదునుగా తిరుగుతుండేవి. దగ్గర్లో సెగకి మంచు నిలవలేదు. రాతిధూళీ ఇనుమూ మిగిలాయి. అవి ఒకదానికొకటి అంటుకుని ముద్దలయ్యాయి. ముద్దలు కలిసి కొండలంతయ్యాయి. అవీ కలిసి భూమి ఏర్పడింది. శుక్రుడూ కుజుడూ కూడా అంతే. దేంట్లోనూ కలవకుండా మిగిలిపోయిన ముద్ద ఇది."

"చూసొచ్చినట్టే చెప్తాండాదే!" అన్నారెవరో.

"చూడలేదు. ఆ ధూళి ఎలా అంటుకుందో పెద్ద శాస్త్రవేత్తలకే ఇంకా పూర్తిగా తేలలేదు. కానీ ఈ పూసలు చూడండి, అప్పుడు కరిగి గడ్డకట్టిన చుక్కలివి."

ప్రేమలీల తెరిచి పట్టిన సంచిలోకి పద్మనాభయ్య వంగి చూశాడు. "అంటే భూమికంటే ముందుదా?"

"ముందుదే."

ఆయన గబుక్కున వెనక్కి జరిగాడు. "భూమికంటే ముందుదాన్ని పెట్టుకోని మేం బతగ్గలమా తల్లీ? నాకు ఇంకా భయమేస్తాండాది. పసిబిడ్డలుండే ఊరు. దించు దాన్ని!"

ఒకడు కర్ర ఎత్తాడు. ఎద్దులు బెదిరి బండి ఊగింది. హజరత్తయ్య మూలిగాడు. మాలకొండమ్మ ప్రేమలీల ముఖంలోకి చూసింది.

సాయంత్రం దాకా వాదిస్తే వీళ్ళు వింటారేమో. కానీ ఆ మనిషికి అంత వ్యవధి లేదు. ప్రేమలీల సంచిని దించింది.

"తీసుకోండి."

ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు.

"అయితే నేనే మోసుకెళ్ళి వేస్తాను. బండిని పోనివ్వండి."

పద్మనాభయ్య తప్పుకున్నాడు. బండి కదిలింది. ప్రేమలీల రాయిని చంకనెత్తుకుని ఇసుకలో నడిచింది. వెనక, దూరంగా జనం. ఒక్క ముక్క కొంగున దాచుకుందామా అనుకుంది. అందరి కళ్ళూ ఆమె చేతులమీదే ఉన్నాయి. నడుముల్లోతు నీళ్ళలోకి దిగి, పెచ్చు లేచినచోట వేలితో తడిమింది. పూసలు తగిలాయి. అల వచ్చి రొమ్ముకు కొట్టింది. వదిలేసింది.

తడిచీర ఒంటిమీదే ఆరిపోగా, ఆమె నెల్లూరు ఆసుపత్రి చేరేసరికి మాలకొండమ్మ వరండాలో గోడకానుకుని ఉంది. లోపల డాక్టరు చూస్తున్నాడు.

"ఏసేసినావా?"

"వేసేశాను."

"అది నీకు శానా కావాల్సింది గదమ్మా."

"కావాల్సిందే."

అంతసేపూ బిగబట్టుకుని ఉన్న మాలకొండమ్మ అప్పుడు ఏడ్చింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "ఆ ధూళి సంగతి మళ్ళా చెప్పు. అక్కడ నా చెవికెక్కలేదు," అంది. ప్రేమలీల మొదటినుంచీ చెప్పసాగింది. మాలకొండమ్మ వింటోంది గాని చూపంతా తలుపుమీదే ఉంది.

తలుపు తెరుచుకుంది. టైఫాయిడ్, బాగా ముదిరిందన్నాడు డాక్టరు. మందు పడింది, రెండు రోజులు గడిస్తే గండం గడిచినట్టేనన్నాడు.

ఆ రెండు రోజులూ గడిచాయి. కూటమీ గడిచింది. కూలీలు చేలోకి వచ్చేసరికి సగం పంట నేలపాలయింది. మిగిలిన సగం కోసి ఇల్లు చేర్చారు. హజరత్తయ్య లేచి తిరగడానికి ఉగాది దాటింది.