కొండెక్కే పుస్తకంలో ముడి

రాళ్లెక్కడానికి పుస్తకమేమిటండీ? అలాంటి పుస్తకం కావాలని మా అమ్మాయి రింకి అన్న రోజే నాకు అనుమానం పుట్టింది. బరంపురం కాలేజీలో చేరిందగ్గర్నుంచి ఆదివారమొస్తే కొండ అంటుంది, చేతులు గీరుకుని వస్తుంది. కొండ పేరు చెప్పి ఎవరితోనైనా తిరుగుతోందా? అందుకే పుస్తకం కొనడానికి గోపాల్‌పూర్ నుంచి బస్సెక్కి నేనూ వెంటపడ్డాను.

పుస్తకాల కొట్టువాడు రెండు తీశాడు. అందులో ఒకదాన్నే పదేపదే నా వైపు తోస్తాడు.

"ఇదే మంచిది మౌసా," అని ఒడియాలో బాబాయ్ అన్నట్టు పిలిచి మరీ చెప్పాడు.

వాడికంత ఆత్రం దేనికి? అమ్ముడుపోని సరుకు నాకు అంటగడుతున్నాడనుకున్నాను. నాకు ఇంగ్లీషు రాదు. బొమ్మలు చూడ్డానికి ఇంగ్లీషెందుకు? వాడు తోసినదాన్ని తిరగేస్తూ నడుం పట్టీకి తాడు కట్టే బొమ్మ దగ్గర ఆగిపోయాను.

"ఏటిది? ఈ ముడి లాగితే ఊడదే!"

"ఊడకూడదు నాన్నా. పడిపోకుండా ఆపడానికే గదా అది."

నాకు ఒళ్లు మండింది. మా తమ్ముడు అసిరయ్య కాలికి వల మోకు బిగుసుకుని నీళ్లలోకి లాగేస్తే, ఆ మోకుని బోటుకి కట్టిన ముడి ఎవరికీ ఊడిరాక, మా కళ్ల ముందే మునిగిపోయాడు. అప్పట్నుంచి మా బోటులో కొస లాగితే విడిపోయే జారుముడి తప్ప ఇంకోటి వేయనివ్వను.

"ఇది రాసినోడు మనిసేనా? పిల్లల్ని సంపడానికి రాసినాడేటి?"

రెండో పుస్తకం చివర్లో మా జారుముడి బొమ్మ కనబడింది. ప్రాణం లేచొచ్చింది.

"అది డేరాకి కట్టే ముడి నాన్నా," అని గొణిగింది రింకి.

"డేరాకైనా మనిసికైనా తాడు తాడే. తాడు గురించి నాకే సెప్తావేటి?"

ఆ పుస్తకమే కొన్నాం. ఇంటికొచ్చాక ముడి నేనే దగ్గరుండి నేర్పాను. పిల్ల కిక్కురుమనకుండా వేసి చూపించింది. అంత బుద్ధిగా వినడం కూడా నాకు అనుమానంగానే ఉంది.

అందుకే ఆదివారం చెప్పాపెట్టకుండా రంభ ఊరి దారిలో ఉన్న కొండ దగ్గరికి పోయాను. కుర్రాడూ లేడు, గిర్రాడూ లేడు. అందరూ ఆడపిల్లలే, వాళ్లకు నేర్పే వాసవీకుమారి మేడమూను. సిగ్గేసింది. రింకి పట్టీకి తాడు కట్టుకుని రాయి మీద చెయ్యి వేసింది. నేను నేర్పిన ముడే! చూడముచ్చటగా ఉంది.

"ఆగు! ఈ ముడి ఎవరు నేర్పారు?" అంది మేడం.

"మా నాన్న."

మేడం నా వైపు తిరిగింది. "ఆ కొస ఒకసారి లాగండి బాబూ."

లాగాను. తాడు పిల్ల నడుము నుంచి జారి నా కాళ్ల దగ్గర పడింది.

"పైకి వెళ్లాక ఈ కొస ఏ రాయికో తగులుకుంటేనో?"

తలెత్తి చూశాను. ఆ రాయి ఎక్కడో పైదాకా ఉంది. నీళ్ల మీద ముడి ఊడకపోతే నా తమ్ముడు పోయాడు. ఇక్కడ ఊడితే నా బిడ్డ పోయేది.

"డేరా ముడని నీకు తెలుసు గదే! మరెందుకు కట్టుకున్నావు?" అని కసిరాను.

రింకి నా మొహంలోకి చూసింది.

"నువ్వు సెప్పినావు గదా నాన్నా."