పొడి డబ్బాలో చెంచా

నేను ఒక ప్లాస్టిక్ చెంచాను. పాలలో కలుపుకునే పొడి కొంటే, డబ్బా అడుగున దాక్కుని ఇల్లాలి చేతిని మణికట్టు దాకా పొడిలో ముంచించేది నేనే. ఏదో కర్మాగారంలో కరిగించి మూసలో పోస్తే క్షణంలో పుట్టాను. మా డబ్బా మీది బొమ్మలో ఒక పిల్లవాడు ఆకాశానికి ఎగురుతుంటాడు. పక్కనే బలం, ఎత్తు, తెలివి అని రాసి ఉంటుంది. ఇంత గొప్ప పొడికి కొలతగా పుట్టినందుకు మొదట్లో నాకు కాస్త గర్వంగానే ఉండేది.

చీరాలలో నీరజ వాళ్ల ఇంట్లో పడ్డాను. ఆమె కూతురు హన్విక ఏడేళ్ల పిల్ల. పొద్దున్నే నీరజ గ్లాసు పాలలో రెండు చెంచాల పొడి కలిపి హడావుడిగా ఉద్యోగానికి వెళ్లేది. ఆమె గడప దాటగానే అత్తగారు కోటేశ్వరమ్మ, "చప్పగా ఉంటే పిల్ల తాగుద్దా!" అనుకుంటూ ఇంకో రెండు వేసి, పైన పంచదార కూడా చల్లేది. కొలత కోసం నన్ను పెట్టుకుంటారు గానీ, ముద్దు దగ్గర మనుషులకు కొలత గుర్తుండదు. అత్తగారు వేసేది కోడలికి తెలియదు.

మూడో చెయ్యి హన్వికది. వంటింట్లో ఎవరూ లేనప్పుడు స్టూలెక్కి, నన్ను పొడిలో నిండా ముంచి నోట్లో పెట్టుకునేది. అలా ఆ పిల్ల నోటిని లోపలినుంచి చూసింది ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. ఒకరోజు దవడ పన్ను మీద నల్లటి చుక్క కనిపించింది. కొన్నాళ్లకు అది గుంట అయింది. నేను మోసుకెళ్లిన పొడి పోయి అందులోనే కూర్చునేది. స్టూలు చప్పుడు వింటే చాలు, నాకు దడ పుట్టేది. చెబుదామంటే నాకు నోరేదీ?

ఆఖరికి ఒక శనివారం పిల్ల బుగ్గ వాచింది. ఆసుపత్రి నుంచి రాగానే నీరజ కళ్లద్దాలు పెట్టుకుని డబ్బా వెనక సన్నటి అక్షరాలు చదివింది. తర్వాత నాతోనే పంచదార తోడి స్టీలు పళ్లెంలో కుప్ప పోసింది.

"ఏందమ్మాయ్ అది?" అంది కోటేశ్వరమ్మ.

"నేనేసే పొడిలోదీ, మీరేసే పొడిలోదీ, మీరు పైన చల్లేదీ. ఇదంతా మన పిల్ల పొద్దున్నే తాగే పంచదార అత్తయ్యా. డాక్టరు అడిగితే పిల్లే చెప్పింది, మీరు కూడా వేస్తారని. పుచ్చింది పాలపన్నంట, ఊడిపోద్దంట. దాని వెనకాలే కొత్త పన్ను వచ్చింది. అది పుచ్చితే మళ్లీ రాదంట."

కోటేశ్వరమ్మ పళ్లెం దగ్గరికి లాక్కుంది. "బలమనుకున్నా గదమ్మా..." అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తను దొంగతనంగా తినే పొడి సంగతి మాత్రం హన్విక ఎవరికీ చెప్పలేదు. నా భయమల్లా అదే.

ఆ సాయంత్రమే పొడి చెత్తబుట్టలోకి పోయింది. నేనూ పోతాననుకున్నాను. నిజం చెప్పాలంటే, పోతేనే మంచిదనుకున్నాను. కానీ దేన్నీ పారెయ్యలేని కోటేశ్వరమ్మ నన్ను కడిగి రాగిపిండి డబ్బాలో వేసింది. ఇప్పుడు పొద్దున రాగిజావ, సాయంత్రం జీలకర్ర వేసిన మజ్జిగ, బడికి మంచినీళ్ల సీసా. హన్విక ముక్కు మూసుకుని సగం తాగి, మిగిలింది పెరట్లో పారబోస్తోంది.

నిన్న మళ్లీ స్టూలు చప్పుడు వినిపించింది. మూత తీసి, పాత అలవాటు కొద్దీ నన్ను నిండా ముంచి నోట్లో పెట్టుకుంది. పచ్చి పిండి! మొహం చిట్లించి తుపుక్కున ఊసింది. నన్ను సింకులోకి విసిరేసి, గ్లాసెడు మంచినీళ్లు గటగటా తాగింది. నా అంచు చిట్లింది. రేపు చెత్తలోకి పోతానేమో కూడా. పోతే పోనీ. ఆ కాస్తసేపట్లో చూడాల్సింది చూసేశాను. లోపల, దవడ చివర, కొత్త పన్ను తెల్లగా ఉంది.