గుండె ఎత్తు

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదులు చాలానే గానీ, అన్నిటికీ మూలం ఒక్కటే: ఆయనకి అక్క ఉంది. యాభై దాటిన మనిషి, ఆవిడ ఫోన్ చేస్తే ఇప్పటికీ కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడతారు. మొన్న గుండె నీరసించి ఆయన్ని ఐసీయూలో చేర్చాల్సి వస్తే, అక్కడా హెడ్ నర్సు ఆవిడే, మా వదిన.

మెడ దగ్గర నరంలోంచి గుండె పక్కదాకా సన్నటి గొట్టం వేశారు. గొట్టం నిండా నీరు. దాని రెండో కొస మంచం పక్క స్టాండుకి బిగించిన చిన్న డబ్బాకి. గుండెకి చేరే రక్తం ఒత్తిడి ఎంతో ఆ డబ్బా కనిపెడితే, తెర మీద నీలి అంకె పడుతుంది.

"అంకె పెరిగితే ఒంట్లో నీరు ఎక్కువైందేమో అనుకోవాలి. ఆ భారం వీడి గుండె మొయ్యలేదు" అంది వదిన. అందుకే మంచినీళ్ళు కూడా కొలిచి ఇచ్చేవారు.

"ఒక్క గుక్క పొయ్యవే, నీకు పుణ్యముంటుంది" అని ఆ పొద్దున ఆయన నన్ను బతిమాలారు. తడిగుడ్డతో పెదాలు తుడిచి, మొహం అటు తిప్పుకున్నాను.

కాసేపటికి వదిన వచ్చి దుప్పటి మార్చి, పక్క మంచానికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి తొమ్మిది ఉండాల్సిన అంకె పదిహేడు.

"నీళ్ళు పట్టావా?"

"లేదు వదినా."

"చుక్క కూడా?"

"మీ తమ్ముణ్ణే అడగండి."

"ఒరేయ్, ఇచ్చిందా?"

ఆయన పైకప్పు వైపు చూశారు. "ఏమో అక్కా... గుర్తులేదు."

ఎనిమిదో తరగతి లెక్కల మార్కులు ఈనాటికీ అప్పజెప్పే మనిషికి, గంట కిందటిది గుర్తులేదట!

"అమ్మాయ్, నువ్వు బయట కూర్చో. నేను పిలిచేదాకా లోపలికి రాకు. అడగ్గానే కరిగిపోయేవాళ్ళని ఇక్కడ ఉంచలేను."

బయట బెంచీ మీద కూర్చున్నాను. ఇచ్చిందని అబద్ధమాడినా పోట్లాడేదాన్ని. గుర్తులేదన్నవాడితో ఏం పోట్లాడతాం? ఇరవై ఏళ్ళ కాపురాన్ని ఒక్క మాటతో గాల్లో వదిలేశారు. పైగా ఆయనకి ఏమైనా అయితే ఆ నింద నాతోనే ఉండిపోతుంది.

అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. నీరు లాగే ఇంజక్షను చేతిలోకి తీసుకున్న డాక్టరు, ఎందుకో ఆగి, వంగి స్టాండు వైపు చూశాడు. వదినతో ఏదో అన్నాడు. ఇద్దరూ డబ్బాని పైకి జరిపారు. ఇంజక్షను ట్రేలోకి వెళ్ళిపోయింది.

వదిన బయటికొచ్చింది. "దుప్పటి మారుస్తూ, వంగితే నాకు నడుం నొప్పని మంచం ఎత్తు పెంచాను. డబ్బా కిందే ఉండిపోయింది. అది గుండె ఎత్తులో లేకపోతే గొట్టంలో నీటి బరువు కూడా కలిపి చూపిస్తుంది. ఇప్పుడు తొమ్మిదే. రా లోపలికి."

"డబ్బా సంగతి తేలింది. మీ తమ్ముడి సంగతి తేలలేదు."

"వాడికి ఒంట్లో బాగాలేదే!"

"గుండెకి కదా వదినా. నోటికి కాదుగా."

లోపలికెళ్ళాను గానీ కూర్చోలేదు. మంచం కాళ్ళ వైపు నిలబడ్డాను.

"ఏమండీ, మీ అక్క ఇక్కడే ఉన్నారు. నేను నీళ్ళు ఇచ్చానా?"

కళ్ళు మళ్ళీ పైకి వెళ్ళబోయాయి.

"అక్కడేం రాసి లేదు. ఇటు చూసి చెప్పండి."

"ఇవ్వలేదు."

"మీ అక్కకి వినిపించాలి."

ఆయన అక్క వైపు చూశారు. "ఇవ్వలేదక్కా. నేనే అడిగాను, బతిమాలాను. ఇవ్వలేదు. అంతా గుర్తుంది. అడిగానంటే నువ్వు తిడతావని, దాని మీదకి తోసేశాను. తప్పు నాదే."