దైఫల్లా కాపలా

ఇంకో రాళ్ల కుప్పను దైఫల్లా చెప్పుకాలితో తన్ని కూలదోశాడు. రాళ్లు గుట్ట వాలున దొర్లిపోయాయి. వాటి అడుగున మట్టిని చేతికర్రతో పొడిచి చూశాడు. గట్టి నేల. అయినా నమ్మలేదు. ఇవాళ గుర్తు పెడతారు, రేపు గొయ్యి తీస్తారు. ఈ పట్నంవాళ్ల సంగతి తనకు తెలియనిదా?

ఆ ఎడారి పార్కుకు అతను కాపలాదారు. పొట్టి మనిషి, ఎండకు ముడుచుకుపోయిన మొహం, ఎడమ కన్ను ఎప్పుడూ సగం మూసే ఉంటుంది. పార్కువాళ్లు ఏటా కళాకారులను పిలిచి, గుట్ట కింది రాతి గదిలో బస ఇచ్చి, మీకు తోచింది చేసుకోండి అంటారు. వచ్చినవాళ్లందరికీ దైఫల్లా నీళ్లు మోశాడు, పక్కల్లో తేళ్లు దులిపాడు, పొద్దున్నే కాఫీ కాచి ఇచ్చాడు. ఒక్కరినీ నమ్మలేదు. వెనకటి పెద్ద యుద్ధంలో ఓడి పారిపోతూ టర్కీవాళ్లు పాతిపెట్టిన బంగారం కోసం కాకపోతే, వట్టి రాళ్లు చూడ్డానికి బుద్ధున్నవాడెవడైనా ఇంత దూరం వస్తాడా? ఆ బంగారం కోసమే దైఫల్లా నాన్న ఎవరో ఇచ్చిన పటం పట్టుకుని వేసవంతా తవ్వాడు. గొయ్యి కూలి అందులోనే పోయాడు. ఈ గుట్టలో మళ్లీ పార దిగకుండా చూడటమే దైఫల్లాకు బతుకైపోయింది. పెళ్లీడు కూడా ఆ ధ్యాసలోనే దాటిపోయింది.

ఈ ఏడు కరక్ పట్నం నుంచి వచ్చిన కళాకారిణి రుబా మీద అనుమానం మరీ ఎక్కువ. రోజంతా రాళ్లు పేరుస్తుంది, సాయంత్రం వాటి నీడలు కొలుస్తుంది. ఆమె నిద్ర లేవకముందే ఇతను వెళ్లి తన్నేస్తాడు. గాలి పని అనుకుంటుందిలే అని ధీమా.

కిందికి దిగి గది ముందు కాఫీ పోసిచ్చాడు. రుబా అందుకుని, తాగకుండా గడప పక్క రాతి మీద పెట్టింది.

దైఫల్లా ఆ కప్పు వంక చూశాడు. కప్పు కింద పెట్టారంటే ఏదో అడగబోతున్నారన్నమాట. ఇస్తాననేదాకా తాగరు. అతిథి కప్పును చల్లారనిచ్చిన మగాడు అతని వంశంలో లేడు.

“ఇదెవరు నేర్పారమ్మాయ్ నీకు?”

“మా తాత. ఆయనా డేరాలో పుట్టినవాడే, నీలాగే.”

“అయితే అడుగు.”

“గాలికి చెప్పులుండవు బాబాయ్. నీ అడుగులు రోజూ చూస్తూనే ఉన్నా. ఇవాళ మళ్లీ పేరుస్తా. పొద్దు గుంకేదాకా వాటి జోలికి రాకు. నీడలన్నీ ఒకచోట కలుస్తాయి. అది చూసుకుని రేపు వెళ్లిపోతా.”

“కలిసిన చోట ఏముంది?”

“ఏమీ లేదు.”

“ఏమీ లేనిదానికి ఇంత చాకిరీనా! నన్నేమన్నా మేకపిల్లననుకున్నావా?”

“నువ్వు మటుకు? ఏమీ లేనిదానికి ఇన్నేళ్లూ కాపలా కాయట్లేదూ?”

ఆ మాట చురుక్కున తగిలింది. తాగమ్మా, ఇచ్చాను అంటే సరిపోయేది. అది మానేసి కర్ర తీసుకుని అటు తిరిగి కూర్చున్నాడు.

మధ్యాహ్నమే, రేపటిదాకా ఆగకుండా రుబా పిలిపించుకున్న జీపు వచ్చింది. ఆమె సంచీ భుజాన వేసుకుని, “వస్తా బాబాయ్” అని మాత్రం అంది.

దుమ్ము అణిగి ఎండ తగ్గేదాకా ఆగి, పార పుచ్చుకుని దైఫల్లా గుట్టెక్కాడు. పొద్దు వాలుతోంది. తను తన్నగా మిగిలిన కుప్పల నీడలు సాగి సాగి ఒకవైపే పోతున్నాయి. అవి చేరేచోటు పట్టుకుని తవ్వాడు. నాన్న తర్వాత ఆ గుట్టలో దిగిన మొదటి పార అతనిదే. మోకాలి లోతున బండ తగిలింది. బంగారం లేదు, పాతిన జాడ లేదు. చుట్టూ ఒక్క గొయ్యి లేదు, తను తీసింది తప్ప.

“ఛీ, ముసలి గాడిదా” అని తనను తానే తిట్టుకున్నాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. గొయ్యి పూడ్చి, చీకటి పడకముందే గదికి వచ్చాడు.

గడప పక్క రాతి మీద కాఫీ కప్పు పెట్టింది పెట్టినట్టే ఉంది, పైన సన్నటి ఇసుక తెట్టె కట్టి.